శవం దొరకని ఇంట్లో తగవు పెట్టింది ఎవరు?

ప్రతి ఏడూ నవంబరు 6 వచ్చేసరికి కోనసీమలో 1996 తుపానును తలుచుకుంటాం. ఆ రాత్రి గాలి ఎలా అరిచిందో, కొబ్బరి తోటలు ఎలా నేలకూలాయో, కరెంటు లేక, తాగేనీళ్లు లేక ఎన్ని తిప్పలు పడ్డామో చెప్పుకుంటాం. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ తుపానులో అధికారిక లెక్కల ప్రకారమే వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లి గల్లంతైనవాళ్లు మరికొన్ని వందల మంది. చెట్ల నష్టం, ఇళ్ల నష్టం, బోట్ల నష్టం గురించి మాట్లాడేవాళ్లు చాలామందే వున్నారు. ఆ తర్వాత నెలల తరబడి, ఏళ్ల తరబడి, బతికి బయటపడ్డవాళ్ల మధ్య నడిచిన తగవుల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. మాట్లాడవలసి వస్తే "డబ్బు దగ్గరికొచ్చేసరికి ఆడాళ్లూ ఆడాళ్లూ కొట్టుకున్నారు" అని ఒక్కముక్కలో తేల్చేస్తారు.

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తుపాను తర్వాత రెండేళ్లపాటు కాట్రేనికోన, ముమ్మిడివరం వైపు తీరగ్రామాల్లో మహిళా సంఘం తరఫున తిరిగినదాన్ని. అత్తాకోడళ్ల తగవులు, తోడికోడళ్ల తగవులు, ఇరుగుపొరుగు తగవులు ఎన్నో పంచాయితీలకు కూర్చున్నాను. ఆ ఆడవాళ్ల గుణం మంచిది కాక ఆ తగవులు రాలేదు. వాళ్ల చేత వేలిముద్ర వేయించుకున్న కాగితాలే వాటిని పుట్టించాయి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

బలుసుతిప్ప, భైరవపాలెం లాంటి ఊళ్లు గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట, మడ అడవుల పక్కన వుంటాయి. అక్కడి మగవాళ్లు బోట్ల మీద రోజుల తరబడి వేటకు వెళ్తారు. ఆ రోజుల్లో చాలా బోట్లలో వైర్‌లెస్ లేదు. సెల్‌ఫోను మాట సరేసరి. తుపాను ముంచుకొచ్చేసరికి ఎంతోమంది నీళ్ల మీదే వున్నారు. ఒడ్డున పోయినవాళ్ల శవాలు చాలావరకు దొరికాయి. సముద్రంలో పోయినవాళ్లలో ఎందరివో దొరకలేదు. ఒకే ఊళ్లో, ఒకే వీధిలో, ఒకే రాత్రి వచ్చిన చావు రెండు రకాలుగా విడిపోయింది. శవం వున్న చావు ఒకటి, శవం లేని చావు ఒకటి.

శవం దొరికిన ఇంట్లో గుండెలు బాదుకుని ఏడ్చారు. కాటికి పంపారు. పదకొండో రోజు దినం చేశారు. నలుగురూ వచ్చి పలకరించారు. దొరకని ఇంట్లో ఏడవడానికే భయం. "ఏడిత్తే పోయినట్టే కదండీ, నేనెందుకు ఏడవాలి?" అన్నదొక తల్లి. ఆమె రోజూ రాత్రి కొడుక్కి అన్నం తీసి మూతపెట్టేది. ఇంకొక ఇంట్లో భార్య, భర్త శవం దొరికిన పక్కింటామెతో అందరి ముందూ ఒక మాట అంది: "నీకేవమ్మా, నీకు శవం దొరికింది." ఆ రెండు కుటుంబాల మధ్య చాలాకాలం మాటల్లేవు. పైనుంచి చూసేవాళ్లకు అది కడుపుమంట. ఆమెకు మాత్రం దుఃఖపడే హక్కు కూడా ఒకరికి దొరికి తనకు దొరకలేదన్న బాధ.

ఈ మధ్య సినిమాల్లో చచ్చినవాళ్లు లేచివచ్చి ఊళ్ల మీద పడే కథలు వస్తున్నాయి. 2021లో మన తెలుగులోనూ 'జాంబీరెడ్డి' అని ఒకటి వచ్చింది. అలాంటి కథల్లో చచ్చి తిరిగేవాళ్ల కంటే బతికి మిగిలినవాళ్లే ఒకరికొకరు ఎక్కువ ప్రమాదమవుతారు. ఎవరిని లోపలికి రానివ్వాలి, వున్న తిండి ఎవరికి పెట్టాలి, నిన్నటిదాకా మనవాడైనవాణ్ని ఇక పోయినట్టే అని ఎవరు ప్రకటించాలి అని కొట్టుకుంటారు. పిల్లలు దాన్ని భయం కోసం చూస్తారు. మన తీరంలో ఆ చివరి ప్రశ్న నిజంగానే వచ్చింది. పోయినవాళ్లు తిరిగి రాలేదు, పోయారన్న రుజువూ రాలేదు. "ఇతను చనిపోయాడు" అని ప్రకటించే పనిని ప్రభుత్వం, చట్టం, ఊరు కలిసి ఎవరి నెత్తిన పెట్టాయి? భార్య నెత్తిన.

బొట్టు వుంటే ఒక తప్పు, లేకపోతే ఒక తప్పు

సాయం ఎప్పుడు, ఏ ఉత్తర్వు కింద వచ్చినా దానికి ముందు ఒక విచారణ వుంటుంది. ఆ విచారణలో "నా భర్త తుపానులో చనిపోయాడు" అని భార్య చెప్పాలి, కాగితం మీద వేలిముద్ర వేయాలి. ఇరవై రెండేళ్ల ఒక పిల్ల ఆ కాగితం ముందు కూర్చున్నప్పుడు నేను పక్కనే వున్నాను. చంకలో బిడ్డ, కడుపులో ఇంకొకటి. "ఏమ్మా, మొగుడు పోయాడంటావు, బొట్టు పెట్టుకున్నావే?" అన్నాడు రాసుకునే ఆయన. ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడ్డ అత్తవైపు చూసింది. అత్త అక్కడినుంచే అరిచింది: "ఆడు ఒరిస్సాలోనో ఎక్కడో ఒడ్డుకి చేరుంటాడండి. ఇది ఏలిముద్ర ఏసేత్తే రేపు ఆడొచ్చాకా మొకం ఎలా సూపిత్తాది?"

బొట్టు తుడుచుకుంటే ఇంట్లో మొగుణ్ని చంపుకున్నదవుతుంది. తుడుచుకోకపోతే ఆఫీసులో అబద్ధాలకోరవుతుంది. ఈ రెండింటి మధ్య మూడోదారి ఏ కాగితంలోనూ లేదు. ఆ పిల్ల ఆరోజు వేలిముద్ర వేయలేదు. రెండు నెలల తర్వాత, చిన్నబిడ్డకు పాలు కొనలేక, వేసింది. అత్త ఆమెతో మాట్లాడటం మానేసింది. ఊళ్లోవాళ్లు దాన్ని "డబ్బు తగవు" అన్నారు. నేను చూసినంతవరకు ఆ అత్త ఒక్క రూపాయి కూడా అడగలేదు. ఆమె అడిగింది ఇంకొన్నాళ్లు ఎదురుచూడమనే. కోడలు అడిగింది ఈ పూట గడవడమే. ఇద్దరూ అడిగింది న్యాయమే. ఒకరి న్యాయం తీరాలంటే రెండోవాళ్లది కూలిపోవలసిందేనని నిర్ణయించింది ఆ ఇద్దరూ కాదు.

ఇక డబ్బు నిజంగా చేతికొచ్చిన ఇళ్లలో ఇంకోరకం ఒత్తిడి. డబ్బు బయటికి పోకూడదని కోడల్ని మరిదికి కట్టబెట్టాలని చూసిన కుటుంబాలున్నాయి. పుట్టింటివాళ్లు వచ్చి పిల్లనూ డబ్బునూ తీసుకుపోతామంటే బిడ్డల్ని ఇవ్వమన్న అత్తింటివాళ్లున్నారు. అప్పిచ్చిన సావుకారు పొద్దున్నే గుమ్మంలో కూర్చున్న ఇళ్లున్నాయి. ఆ డబ్బు మీద హక్కు అందరికీ గుర్తొచ్చింది, ఒక్క ఆ ఆడమనిషి ఏం కోరుకుంటుందో మాత్రం ఎవరికీ తోచలేదు.

ఏడేళ్ల గోడ

చట్టం ఏమంటుందో మన కార్యకర్తలందరికీ తెలిసివుండాలి. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఒక మనిషి గురించి సహజంగా తెలియవలసినవాళ్లకు ఏడేళ్లపాటు ఏ కబురూ తెలియకపోతే, అతను బతికే వున్నాడని వాదించేవాళ్లే దాన్ని రుజువు చేయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఇదే 111వ సెక్షన్. హిందూ వివాహ చట్టం (1955) 13వ సెక్షన్‌లోనూ ఏడేళ్ల మాటే వుంది. ఏడేళ్లుగా జాడలేని భర్త నుంచి విడాకులు కోరవచ్చు. ఆ గడువుకు ముందు, విడాకులు లేకుండా ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే, భర్త బతికివున్నాడని తేలితే, అప్పటి శిక్షాస్మృతి 494, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 82 కింద నేరం.

లెక్క వేసి చూడండి. 1996 నవంబరు 6న గల్లంతైన మనిషికి ఈ ఏడేళ్లు నిండేది 2003 నవంబరుకి. ఆ రాత్రి తల్లి కడుపులో వున్న బిడ్డ అప్పటికి ఒకటో తరగతిలోనో రెండో తరగతిలోనో వుంటుంది. ప్రత్యేక ఉత్తర్వు ఏదీ లేకపోతే అంతవరకు మరణ ధ్రువపత్రం లేదు. అది లేకపోతే వితంతు పెన్షన్ లేదు. బ్యాంకులో నాలుగు రూపాయలుంటే తీయడానికి లేదు. ఇంటి స్థలం పేరు మార్చడానికి లేదు. ఇది నూరేళ్ల పైచిలుకు కిందట, ఎక్కడికో వెళ్లిపోయి కబురు పెట్టని మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని రాసిన లెక్క. తుపాను రాత్రి సముద్రం మీద వున్న మనిషికి అదే లెక్క వర్తింపజేయడం ఏం న్యాయం?

ఇంకొక సంగతి కూడా మనం ఊళ్లలో చెప్పడం లేదు. హిందూ వారసత్వ చట్టం (1956) ప్రకారం వీలునామా రాయకుండా చనిపోయిన మగవాడి ఆస్తిలో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే. ఆమెకూ ఒక వాటా వుంది. అలాగే భార్య తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆమెకు సంక్రమించిన వాటా పోదు. ప్రభుత్వం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా ఎవరికి ఇవ్వాలో ఉత్తర్వు చెబుతుంది కనుక అది వేరే సంగతి. కానీ ఉత్తర్వు రాసేవాళ్లు ఈ సూత్రాన్నే పాటించి భార్యకూ తల్లికీ విడివిడిగా ఇచ్చివుంటే సగం ఇళ్లలో తగవు గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. ఒకే చెక్కు, ఒకే పేరు అన్నప్పుడే ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడతారు.

బతికివచ్చినవాడి నేరం

తగవులు ఇళ్లలోనే ఆగలేదు. బోటు మీద ఎవరెవరు వున్నారన్న దానికి చాలాచోట్ల రాతపూర్వకమైన ఆధారం లేదు. సరంగు ఎవరో తెలుసు. కళాసీల్లో ఆఖరు నిమిషంలో ఎక్కినవాళ్లు, ఒకరి బదులు వెళ్లినవాళ్లు, పొరుగూరి నుంచి కూలికి వచ్చినవాళ్లు వున్నారు. వాళ్లు ఆ బోటు మీదే వెళ్లారని చెప్పగలిగేది ఓనరే. ఆయన అవునంటే ఒక కుటుంబానికి సాయం, కాదంటే లేదు. ఆయనా బోటు పోగొట్టుకుని అప్పుల్లో వున్నవాడే. ఆ మాట కోసం ఆయన గుమ్మం చుట్టూ ఆడవాళ్లు తిరగవలసి వచ్చింది. ఒక పేరు ఎక్కిస్తే తమ పేరు పోతుందేమోనని ఒకరి మీద ఒకరు చెప్పుకోవలసి వచ్చింది.

బతికివచ్చిన కొద్దిమంది పరిస్థితి మరీ దారుణం. ఒక కుర్రాడు చెక్కముక్క పట్టుకుని కొట్టుకుంటూ ఒడ్డుకు చేరాడు. వారం తిరక్కముందే అతని ఇంటికి ఆడవాళ్లు వరసకట్టారు. మా ఆయన్ని చూశావా? చివరిసారి ఏమన్నాడు? నువ్వెలా బతికావు? మొదట ఆశతో అడిగిన ప్రశ్నలు రానురాను నిలదీతలయ్యాయి. మునిగిపోవడం చూశానని అతను చెబితే ఆ ఇంట్లో ఆశ చచ్చిపోతుంది. చూడలేదని చెబితే సాయం ఆగిపోతుంది. అతని భార్య పసుపు కుంకుమలతో బయటికి రావడానికే సిగ్గుపడేది. ఆఖరికి వాళ్లు ఊరు విడిచి వెళ్లిపోయారు. ఊరు వాళ్లను వెళ్లగొట్టిందని నేను అనను. ఒక మనిషి నోటిమాట మీద ఇన్ని కుటుంబాల బతుకు ఆధారపడేలా చేసిన పద్ధతే వెళ్లగొట్టింది.

సముద్రానికి దూరంగా వున్న పేటల్లోనూ ఇదే వరస. తోట పడిపోతే చెట్టుకు నష్టం లెక్కగట్టారు. చెట్టు ఎవరిదో పాసుపుస్తకంలో వుంటుంది. ఆ చెట్టెక్కి దింపు తీసే మనిషి, ఆ కాయ ఒలిచే మనిషి, పీచు దంచి తాడు పేనే ఆడమనిషి ఏ పుస్తకంలోనూ వుండరు. కొత్తగా వేసిన కొబ్బరి కాపుకు రావాలంటే అయిదారేళ్లు పడుతుంది. అంతకాలం ఆ ఆడవాళ్లకు పనిపోయింది. పోయిన పనికి శవం వుండదు కనుక ఆ నష్టమూ గల్లంతైనట్టే. బియ్యం లారీ వచ్చినప్పుడు పాలెం వాళ్లకూ పేట వాళ్లకూ తోపులాట జరిగిందంటే అది కులాల కొట్లాట అని రాశారు. ఎవరి నష్టం కాగితం ఎక్కింది, ఎవరిది ఎక్కలేదు అని అడిగినవాళ్లు తక్కువ.

మనది ఒక్కరి అనుభవం కాదు

ఈ దుఃఖానికి ఒక పేరు వుంది. అమెరికాలో పౌలీన్ బాస్ అనే పరిశోధకురాలు 1970లలో వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పనిచేసి, వున్నాడో లేడో తేలని ఈ నష్టం మిగతా నష్టాల్లాంటిది కాదని చెప్పింది. కర్మకాండ లేదు, ముగింపు లేదు. ఒకే ఇంట్లో ఒకరు ఆశ వదులుకుంటారు, ఇంకొకరు వదులుకోరు. తగవు అక్కడే పుడుతుంది. అది మనుషుల బలహీనత వల్ల వచ్చింది కాదని, పరిస్థితి అలాంటిదని ఆమె వాదన.

కాశ్మీరులో భర్త మాయమైన స్త్రీలను సగం వితంతువులు అంటున్నారు. అక్కడ పర్వీనా అహంగర్ అనే తల్లి కనిపించకుండా పోయిన కొడుకు కోసం తిరిగి తిరిగి, 1994లో తనలాంటి కుటుంబాలను కూడగట్టి సంఘం పెట్టింది. ఆ సంఘంలో తల్లులూ భార్యలూ పక్కపక్కనే కూర్చుంటారు. 2013లో అక్కడి ముస్లిం మతపెద్దలు నాలుగేళ్లు ఎదురుచూసిన భార్య మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని తీర్మానించారు. 2017లో ఓఖీ తుపానులో కేరళ జాలరులు గల్లంతైనప్పుడు, అక్కడి ప్రభుత్వం ఏడేళ్లు ఆగకుండా గల్లంతైనవాళ్ల కుటుంబాలకు కూడా పరిహారం ఇచ్చింది. అంటే ఏడేళ్ల గోడ దేవుడు కట్టింది కాదు. ప్రభుత్వం తలచుకుంటే దిగిపోతుంది.

దీనికి అడ్డుచెప్పేవాళ్లున్నారు. గడువు తీసేస్తే బతికున్నవాళ్లను చనిపోయారని చూపించి డబ్బు తింటారంటారు. అలాంటివి అక్కడక్కడా జరగవచ్చు. దానికి పూచీకత్తు రాయించుకోవచ్చు, మనిషి తిరిగివస్తే సొమ్ము వెనక్కి కట్టే షరతు పెట్టవచ్చు, పంచాయతీలో పేర్లు ప్రకటించి అభ్యంతరాలు అడగవచ్చు. ఒకరిద్దరు మోసం చేస్తారని వందలమంది ఆడవాళ్లను ఏడేళ్లు ఆకలితో కూర్చోబెట్టడం ఏ నీతి?

రెండో అభ్యంతరం మన లోపలి నుంచే వస్తుంది. "త్వరగా నిజం ఒప్పుకుని ముందుకు సాగేలా కౌన్సెలింగ్ ఇవ్వాలి" అని కొందరు స్వచ్ఛంద సంస్థల మిత్రులు అంటారు. ఎవరి సౌకర్యం కోసం ఒప్పుకోవాలి? మన రిపోర్టు పూర్తికావడం కోసమా? కొడుక్కి అన్నం తీసిపెట్టే తల్లిని వద్దనడానికి మనమెవరం? ఆమె ఆశకూ కోడలి ఆకలికీ ముడిపెట్టకుండా వుంటే ఆ రెండూ ఒకే ఇంట్లో వుండగలవు.

అందుకే మనం అడగవలసినవి ఇవి. గల్లంతైనవాళ్లను "చనిపోయినవాళ్లు", "బతికున్నవాళ్లు" అన్న రెండు గళ్లలో ఏదో ఒకదానిలోకి తోయకుండా మూడో గడి పెట్టాలి. చనిపోయాడని ఎవరి చేతా వేలిముద్ర వేయించకుండానే, గల్లంతయ్యాడన్న విచారణ మీదే నెలనెలా భృతి మొదలుకావాలి. విపత్తులో గల్లంతైనవాళ్లకు మరణ ధ్రువపత్రం కోరుకునే కుటుంబానికి నెలల్లో అది అందాలి, కోరుకోని కుటుంబాన్ని బలవంతపెట్టకూడదు. సాయం భార్యకూ తల్లికీ విడివిడిగా, వాళ్ల ఖాతాల్లోనే పడాలి. వేటకు వెళ్లే ప్రతి బోటు మీదా ఎవరెవరున్నారో ఒడ్డున రాసివుంచాలి, దాని నకలు ఓనరు దగ్గరే కాక ఊళ్లోని మహిళా సంఘం దగ్గరా వుండాలి. విచారణకు వచ్చే బృందంలో ఒక స్త్రీ తప్పనిసరిగా వుండాలి. బొట్టూ గాజులూ సాక్ష్యం కాకూడదు.

ఇది పాత కథ అనుకోవద్దు. తుపాను హెచ్చరికలు ఎంతో మెరుగుపడ్డాయి. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను ఈ తీరాన్నే తాకినప్పుడు ముందుగానే జనాన్ని తరలించారు. 1996తో పోలిస్తే ప్రాణనష్టం చాలా తక్కువ. అది సంతోషించవలసిన విషయం. కానీ తుపాను లేని రోజుల్లోనూ బోట్లు బోల్తాపడతాయి, ఒక్కడో ఇద్దరో గల్లంతవుతారు. వెయ్యిమంది పోయినప్పుడు మంత్రులు వస్తారు, పత్రికలు వస్తాయి. ఒక్కడు పోయిన ఇంటికి ఎవరూ రారు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ల తగవు మొదలయ్యాక ఊరు వినోదం చూస్తుంది.

మీలో ఎవరికైనా రేపు అలాంటి పంచాయితీకి కూర్చునే పని పడితే, ముందుగా ఇద్దరిలో ఎవరిది తప్పని అడగకండి. ఏ కాగితం వాళ్లిద్దరి మధ్యకు వచ్చిందో అడగండి. ఆ కాగితం తీసుకుని, అత్తనూ కోడల్నీ ఇద్దర్నీ వెంటబెట్టుకుని, మండలాఫీసుకు వెళ్లండి.